మారేడుపల్లి వెంటిలేటర్‌కు పాలపిట్ట: సీసపు పట్టీలతో గాజు పలక, పని డైరీ

డిసెంబరు చివరి వారం. కొలతలు, నిర్ణయాలు

పశ్చిమ మారేడుపల్లిలోని మా మేనత్తగారి ఇంట్లో, ముందు గది నుంచి పడమటి వరండాలోకి వెళ్ళే గుమ్మం పైన ఉన్న వెంటిలేటర్‌లోని పాత గరుకు గాజును తీసివేసి, ఆ స్థానంలో చేత్తో చేసిన రంగు గాజు పలకను బిగించాలి. టేకు చట్రం లోపలి కొలత 906 × 456 మిల్లీమీటర్లు. పలకను 900 × 450కే చేస్తాను. నాలుగు వైపులా మిగిలే మూడేసి మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే, వేసవిలో వ్యాకోచించే పలకకు చోటుండదు, పాత చట్రంలోని వంకరకూ చోటుండదు.

పాత హైదరాబాదు ఇళ్ళలో తలుపుల పైన కనిపించే రంగు గాజులు చాలావరకు చెక్కలో కూర్చినవి. వడ్రంగి గడులు గడులుగా చట్రం చేసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రంగు పెట్టి, వెనుక నుంచి సన్నని బద్దలు కొడతాడు. ఆ పని అందమైనదే, కానీ చెక్క బద్దను ఒక పరిమితికి మించి సన్నగా చేయలేము, తీగలా వంచలేము. గాజు ముక్కల అంచులను పట్టి కలిపే సీసపు పట్టీ ఆరు మిల్లీమీటర్ల వెడల్పుతోనే నిలుస్తుంది, వేళ్ళతో వంచితే వంగుతుంది. పిట్ట మెడ వంపు కావాలనుకున్నప్పుడే ఈ పని సీసంతో చేయాలని తేలిపోయింది.

బొమ్మ ఏమిటన్నది అత్తయ్య ఎప్పుడో నిర్ణయించింది. "పాలపిట్టను పెట్టరా. కూర్చున్నది కాదు, ఎగిరేది. కూర్చుంటే దాని రంగేం తెలుస్తుంది?" అంది. ఆ మాట అక్షరాలా నిజం. కొమ్మ మీద ముడుచుకుని కూర్చున్న పాలపిట్ట ఎదురుగా చూస్తే గోధుమ రంగు పిట్టలాగే ఉంటుంది. రెక్క విప్పినప్పుడే ముదురు నీలం, లేత నీలం పట్టెలు పక్కపక్కన బయటపడతాయి. దసరా నాడు జనం ఊరి బయటికి వెళ్ళి ఆకాశంలో వెతికేది కూడా ఆ రెక్కనే. కనుక రెక్కలు విప్పిన పిట్ట, దాని కింద ఒక తంగేడు కొమ్మ, చుట్టూ లేత పొగమంచు రంగు నేపథ్యం. చట్రం అడ్డంగా పొడవైనది కావడం చాచిన రెక్కలకు కలిసివచ్చింది.

పని మొదలుపెట్టే ముందు మరొకసారి మెదక్ చర్చికి వెళ్ళి వచ్చాను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ చర్చిలో క్రీస్తు జననం, శిలువ, స్వర్గారోహణం చూపే మూడు పెద్ద కిటికీలున్నాయి. వాటి రూపకర్త లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆ తరహా పనిలో ముఖాలు, వేళ్ళు, బట్టల ముడతలు గాజు మీద రంగుతో వేసి కొలిమిలో కాల్చినవి; సీసం వాటిని పట్టి ఉంచుతుంది. నేను ఆ దారిలో వెళ్ళడం లేదు. ఈ పలకలో పిట్ట కన్ను తప్ప మిగిలిన గీతలన్నీ సీసపు గీతలే కావాలి. అలా అనుకున్న తరువాత అసలు పని గాజు దగ్గర కాదు, కాగితం దగ్గర మొదలవుతుంది.

జనవరి మొదటి సగం. కోత గీతల పటం

చిత్తు బొమ్మను అసలు కొలతకు పెంచి, దాని మీద సీసం ఎక్కడెక్కడ నడుస్తుందో గీసుకోవడాన్ని చాలామంది ఒక సాయంత్రపు పనిగా భావిస్తారు. నా అనుభవంలో పలక బాగా రావడం, రాకపోవడం ఇక్కడే తేలిపోతుంది. గాజు ఏ ఆకారంలో పడితే ఆ ఆకారంలో తెగదు. ముక్క అంచులో లోపలికి వెళ్ళే మూల, అంటే తలుపు మూలకు కోసిన గాడి లాంటిది, చేతి కట్టర్‌తో సాధ్యం కాదు. పగులు ఆ మూల దగ్గర ఆగకుండా అవతలి అంచు దాకా పరుగెత్తుతుంది. లోతైన లోపలి వంపు కూడా ప్రమాదమే. సూదిలా ముగిసే కొన విరిగిపోతుంది. విరగకపోయినా సీసం అంచు కింద కనబడకుండా పోతుంది. పొడవుగా సన్నగా ఉండే ముక్క ఇవాళ బాగానే ఉన్నా రేపు తలుపు గట్టిగా మూసిన అదురుకు మధ్యలో పగులుతుంది.

అందుచేత పిట్ట మెడకు, రెక్కకు మధ్య ఉన్న లోతైన వంపు దగ్గర నేపథ్యపు గాజును రెండు ముక్కలు చేయాలి. ఆ రెండింటి మధ్య సీసపు గీత ఒకటి తప్పనిసరిగా వస్తుంది. ఆ గీత ఎటు వెళ్ళాలన్నదే ప్రశ్న. అతి దగ్గర దారిలో పైఅంచుకు లాగేస్తే పిట్ట మెడలో తాడు కట్టి వేలాడదీసినట్టు కనిపిస్తుంది. దానిని రెక్క ముందంచు సాగిన దిశలోనే వంపుగా పైకి తీసుకువెళితే గాలి కదలికలా కనిపిస్తుంది. ఇలాంటి ప్రతి గీతకూ రెండు బాధ్యతలు: గాజును తెగగలిగే ఆకారంలో ఉంచడం, చూసేవారికి బొమ్మలో భాగంగా కనిపించడం. మొదటిది మాత్రమే చేసిన గీతను నేను చెరిపేస్తున్నాను.

ఇంకో రెండు విషయాలు. నాలుగు పట్టీలు ఒకే బిందువు దగ్గర కలవకూడదు. అక్కడ టంకం, అంటే పట్టీలను అతికేందుకు కరిగించి పోసే లోహం, ముద్దలా పేరుకుని, కీలు బలహీనపడుతుంది. అలాగే ఒక అంచు నుంచి అవతలి అంచుకు సూటిగా పోయే గీత ఉండకూడదు, ఎందుకంటే గాలి తోసినప్పుడు పలక సరిగ్గా ఆ గీత వెంట తలుపు మడతలా వంగుతుంది. తంగేడు కొమ్మను మొదట దాదాపు తిన్నగా గీశాను. ఈ కారణంగానే దానికి రెండు కణుపుల దగ్గర మలుపులిచ్చాను. నిజమైన తంగేడు కొమ్మ కూడా అలాగే మెలికలు తిరిగి ఉంటుంది కనుక ఆ మలుపులు బొమ్మకు మేలే చేశాయి.

సీసపు పట్టీని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. నడిమి వెన్ను మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. గాజు ముక్కలు ఆ వెన్నుకు రెండు వైపులా ఆనుకుంటాయి. కాబట్టి కోత గీతలన్నీ సరిగ్గా ఆ మందం ఉన్న మార్కర్‌తోనే గీస్తాను, గాజును గీతకు లోపలి అంచు వెంట కోస్తాను. ఈ ఒక్క క్రమశిక్షణ తప్పితే నష్టం కూడుకుంటూ పోతుంది. రెక్కలో ఏడు ఈకలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు పెద్దదైతే చివరి ఈక మూడున్నర మిల్లీమీటర్లు పక్కకు జరిగి, చట్రంలో పట్టదు.

12వ శతాబ్దపు సన్న్యాసి థియోఫిలస్ తన చేతిపనుల గ్రంథంలో సుద్ద పూసిన బల్ల మీదే కిటికీ బొమ్మ గీసి, ఆ బల్ల మీదే గాజును కోసి, దాని మీదే సీసంతో కూర్చమని చెప్పాడు. అటువంటి మధ్యయుగపు బల్లలు స్పెయిన్‌లోని జిరోనా కెథడ్రల్‌కు చెందినవి ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. నా బల్ల ప్లైవుడ్‌ది, పటం కాగితం మీదది. పని వరుస మాత్రం అదే: కోతకూ, కూర్పుకూ ఒకే గీత ఆధారం.

సంక్రాంతి తరువాత. గాజు ఎంపిక

నగరంలో నాకు దొరికినది యంత్రం మీద రోలర్ల మధ్య తీసిన మూడు మిల్లీమీటర్ల రంగు గాజు. ఒక వైపు నునుపు, మరో వైపు అలలు. నోటితో ఊది చేసిన గాజులో ఉండే బుడగలు, రంగు ఒత్తుల్లోని తేడాలు ఇందులో ఉండవు. కాబట్టి ఆ వైవిధ్యాన్ని ముక్క ఏ దిశలో కోస్తామన్న దానితో తెచ్చుకోవాలి. ఈకలన్నిటికీ అలలు ఈక పొడవు వెంట సాగేలా గుర్తులు పెట్టుకున్నాను.

రంగులను దుకాణంలోని ట్యూబ్‌లైట్ కింద నిర్ణయించకూడదు. చిన్న నమూనా ముక్కలు తీసుకుని మేనత్తగారి వెంటిలేటర్ దగ్గరే పట్టుకుని, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూశాను. పడమటి వెలుగు సాయంత్రానికి ఎరుపెక్కుతుంది. కోబాల్ట్ ఆక్సైడ్‌తో వచ్చే ముదురు నీలం అప్పుడు నల్లబడుతుంది, పసుపు మాత్రం రెట్టింపు వెలుగుతుంది. అందుకని మొదట అనుకున్న నీలం కన్నా ఒక మెట్టు లేతదాన్ని తీసుకున్నాను. నీలం గాజుకు మరో గుణం ఉంది: వెనుక నుంచి వెలుగు పడినప్పుడు అది తన హద్దు దాటి పక్క రంగు మీదికి పరుచుకున్నట్టు కంటికి తోస్తుంది. రెండు నీలాల మధ్య సన్నని పట్టీ వేస్తే పట్టెలు కలిసిపోయి ఒకే మచ్చ అవుతాయి. కాబట్టి ఈకల మధ్య ఆరు మిల్లీమీటర్ల పట్టీ, తంగేడు రేకుల మధ్య ఐదు, పలక చుట్టూ అంచుకు పన్నెండు.

తంగేడు పసుపు ఖర్చైనది. పసుపు, నారింజ గాజుల్లో కాడ్మియం, సెలీనియం వాడతారు కనుక వాటి ధర మామూలు ఆకుపచ్చ కన్నా ఎక్కువ. రేకులు చిన్నవి కావడం వల్ల చిన్న పలకతోనే సరిపోయింది.

జనవరి చివర, ఫిబ్రవరి. కోత

గాజు కోయడంలో కోత ఉండదు. కట్టర్‌లోని చిన్న చక్రం పైపొరలో సన్నని గాటు పెడుతుంది, అంతే. తరువాత ఆ గాటు దగ్గర గాజును వంచితే, సాగదీత బలానికి తట్టుకోలేని పైపొర అక్కడి నుంచే చీలుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మిగిలిన నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. గాటు ఒక అంచున మొదలై మరో అంచున ముగియాలి. మధ్యలో ఆగిన గాటు నుంచి పగులు తన ఇష్టం వచ్చిన దారి పడుతుంది. ఒత్తిడి మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. చక్రం సన్నగా, తెగకుండా చిరచిరమంటుంటే గాటు బాగా పడుతున్నట్టు. గీత వెంట తెల్లటి పొడి లేచి చిన్న పెచ్చులు ఎగురుతుంటే ఒత్తిడి ఎక్కువైనట్టు. అలల గాజును ఎప్పుడూ నునుపు వైపే గీయాలి. గీసే ముందు చక్రాన్ని కిరోసిన్‌లో ముంచితే గాటు శుభ్రంగా పడుతుంది. గీసిన వెంటనే విరవాలి.

గాజు కొన్న దుకాణంలో తరాలుగా ఈ పని చేస్తున్న పెద్దాయన, నేను నమూనా ముక్క మీద గీస్తుంటే పక్కన నిలబడి చూసి, "ఒక్కసారే గీయాలె సార్. అదే గీత మీద రెండోసారి తిప్పితే డైమండు ఖరాబైతది, అద్దం ఖరాబైతది" అన్నారు. ఆయన డైమండు అన్నది ఇప్పటి ఉక్కు చక్రపు కట్టర్‌నే. ఆ ఒక్క వాక్యంలో పుస్తకాలు పేజీలకొద్దీ చెప్పేది ఉంది.

తిన్నని గీతలు చేతులతోనే విరుగుతాయి: గాటుకు రెండు వైపులా బొటనవేళ్ళు, కింద మడిచిన పిడికిళ్ళు, మణికట్టుతో బయటికి ఒక్క మలుపు. వంపు గీతలకు కింది వైపు నుంచి కట్టర్ పిడితో తడుతూ పగులును నడిపించుకుంటూ పోవాలి. వెలుగులో పక్కవాటుగా చూస్తే పగులు గాజు లోపల వెండి తీగలా ముందుకు జరగడం కనిపిస్తుంది. లోపలి వంపులను ఒకేసారి తీయడానికి ప్రయత్నించకుండా, చివరి గీతకు ముందు రెండు మూడు తక్కువ లోతు వంపులు గీసి, చంద్రవంకలను ఒకదాని తరువాత ఒకటి వెడల్పు నోటి పట్టకారుతో విరిచి తీస్తున్నాను. పిట్ట మెడ పక్కనున్న నేపథ్యపు ముక్కలు రెండూ ఇలాగే వచ్చాయి. అంచులో మిగిలిన గరుకును అదే పట్టకారుతో కొంచెం కొంచెంగా కొరికి, ఆ తరువాత నీళ్ళతో తిరిగే గ్రైండర్ మీద సరిచేస్తున్నాను. పొడి గాజును రుద్దడం ఎప్పుడూ వద్దు. గాజు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కళ్ళద్దాలు లేకుండా ఒక్క ముక్క కూడా విరవకూడదు.

లేత గాజులను పటం మీదే ఉంచి, కింద కనిపించే గీత ప్రకారం నేరుగా కోస్తున్నాను. ముదురు నీలం కింద గీత కనిపించదు కనుక దానికి అట్ట నమూనాలు చేసుకున్నాను. ముక్కలు మొత్తం తొంభైకి పైగా ఉన్నాయి. ప్రతి ముక్క మీదా పటంలోని అంకెనే చెరిగే మార్కర్‌తో రాశాను.

ఫిబ్రవరి. కన్ను

కన్ను ఒక్కటే రంగు వేసిన ముక్క. మెత్తగా నూరిన గాజు, ఇనుప ఆక్సైడ్ కలిపిన పొడిని తుమ్మ జిగురు నీళ్ళలో కలిపి, లేత గోధుమ గాజు మీద సన్నని కుంచెతో వేశాను. పింగాణీ పని చేసే మిత్రుడి విద్యుత్ కొలిమిలో సుమారు 650 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చాము. ఆ వేడికి రంగులోని గాజు కరిగి అడుగు గాజుతో ఏకమవుతుంది. కొలిమి తలుపును పూర్తిగా చల్లారేదాకా తెరవలేదు. వేడిగా ఉన్నప్పుడు గాలి తగిలితే ముక్క పగులుతుంది.

ఫిబ్రవరి చివర, మార్చి. కూర్పు

బల్ల మీద పటాన్ని అతికించి, ఎడమ అంచునా కింది అంచునా రెండు చెక్క బద్దలను ఖచ్చితమైన లంబకోణంలో మేకులతో కొట్టాను. అంచు పట్టీలు ఆ బద్దలకు ఆనతాయి. కూర్పు ఆ మూల నుంచి ఎదురు మూలకు సాగుతుంది.

చుట్ట విప్పిన సీసం వంకరటింకరగా ఉంటుంది. ఒక కొనను బల్ల వైస్‌లో బిగించి, మరో కొనను పట్టకారుతో పట్టి నిదానంగా లాగితే పట్టీ కొద్దిగా సాగి, తిన్నబడి, కాస్త గట్టిపడుతుంది. ఎక్కువ లాగితే పలుచబడి పనికిరాదు. తరువాత నున్నగా చేసుకున్న వెదురు పుల్లను గాడి వెంట నడిపి, మూసుకున్న అంచులను తెరుస్తాను. గాజు ముక్కను గాడిలోకి జొనిపి, చెక్క ముక్కను అడ్డం పెట్టి మెల్లగా తట్టి, జరగకుండా పక్కన మేకు కొడతాను. నాడా మేకులైతే మంచిది, వాటి చదునైన ఒంటికి గాజు అంచు పెచ్చు లేవదు.

ఇక్కడ ఓపికంతా పట్టీ కొనల దగ్గరే కావాలి. ఒక పట్టీ మరొకదానికి తగిలే చోట, దాని కొనను అవతలి పట్టీ అంచుకు సరిగ్గా ఆనేలా కోయాలి. ఖాళీ మిగిలితే టంకం అందులోకి కుంగిపోతుంది. పొడవెక్కువైతే తరువాతి ముక్క కూర్చోదు. పలుచని కత్తిని ఒక్క దెబ్బతో దించితే గాడి నలిగిపోతుంది; అటూ ఇటూ ఊపుతూ దించితే శుభ్రంగా తెగుతుంది. రెక్క ఈకల దగ్గర పట్టీలు ఏటవాలుగా కలుస్తాయి కనుక ప్రతి కొనకూ వేరే కోణం. ప్రతి వరుస తరువాతా ముక్క అంచు పటంలోని గీత మీదే ఉందా లేదా చూసుకుని, తేడా కనిపిస్తే వెంటనే గాజును తీసి గ్రైండర్ మీద వెంట్రుకవాసి తగ్గించి మళ్ళీ పెడుతున్నాను. ముందుకు వెళ్ళి సరిచేద్దామంటే కుదరని పని ఇది.

సీసం విషం. టంకం వేడికి సీసం ఆవిరయ్యే ప్రమాదం చాలా తక్కువ. చేతికంటిన మసి, దుమ్ము నోట్లోకి పోవడమే అసలు ప్రమాదం. పని గదిలో తినడం, తాగడం లేదు. మంచినీళ్ళకైనా ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటాను. పని బట్టలు వేరుగా ఉతుకుతాను. బల్లను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడుస్తాను. ఇంట్లో చిన్నపిల్లలుంటే వారిని ఈ గదిలోకి రానివ్వనే కూడదు.

మార్చి. టంకం

కోఠీ గుజరాతీ గల్లీలో 60:40 తగరం, సీసం టంకం తీగ, వేడిని నియంత్రించుకోగల సోల్డరింగ్ ఐరన్ దొరికాయి. ఆ టంకం 190 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, సీసం 327 దగ్గర. ఈ రెండింటి మధ్య దూరమే మనకున్న వెసులుబాటు. ఐరన్ మొన ఒకే చోట ఆగితే పట్టీ కూడా కరిగి గుంట పడుతుంది కనుక ముందు వ్యర్థపు పట్టీల మీద వేడిని సరిచూసుకున్నాను. ప్రతి కీలునూ తీగ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, టంకం బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ రాసి, టంకం తీగను కీలు మీద ఉంచి మొనను తాకించి ఎత్తేస్తే, అది పలుచగా పరుచుకుంటుంది. రెండో వైపుకు తిప్పేటప్పుడు పలకను బల్ల అంచు దాకా జరిపి, నిలువుగా లేపి, నిలువుగానే మోశాము. ఈ దశలో అడ్డంగా ఎత్తితే తన బరువుకే వంగిపోతుంది.

ఉగాది ముందు. లప్పం

టంకం పూర్తయిన పలక చూడడానికి పూర్తయినట్టే ఉంటుంది. వేలితో తడితే ప్రతి ముక్కా తన గాడిలో గలగలమంటుంది. చేతితో చేసిన పలకకు ఆయుష్షు ఇచ్చేది లప్పమే. ఈ పనిని తొందరగా ముగించిన పలకలు కొన్ని వర్షాకాలాలకే నీళ్ళు కార్చడం, పొట్ట ముందుకు రావడం నేను చూశాను.

రాణిగంజ్‌లో తెచ్చిన సుద్ద పొడిని, కాచిన అవిసె నూనె రెండు పాళ్ళు, టర్పెంటైన్ ఒక పాలు కలిపిన మిశ్రమంలో వేసి, కొంచెం మసి పొడి చేర్చి, గారెల పిండి అంత చిక్కగా కలిపాను. దానిని పొట్టి కుంచెతో అన్ని దిశల నుంచీ పట్టీల అంచుల కిందికి నెట్టాలి. పైన పూయడం కాదు. ఆ తరువాత అంచులను వెదురు పుల్లతో నొక్కి మూసి, పలక మీద పొడి సుద్ద, రంపపు పొట్టు చల్లి, శుభ్రమైన బ్రష్‌తో పట్టీల వెంట రుద్దాలి. సుద్ద అదనపు నూనెను పీల్చుకుంటుంది. రుద్దుడుకు గాజు మెరుస్తుంది, సీసం నల్లబడుతుంది. మరునాడు అంచుల నుంచి ఉబికిన లప్పాన్ని మొనదేలిన పుల్లతో గీసి తీశాను. రెండో వైపు కూడా ఇలాగే.

సిమెంటు గానీ, గట్టిపడే రసాయనపు జిగురు గానీ ఎందుకు వద్దంటే, సీసం వేడికి గాజు కన్నా మూడింతలకు పైగా వ్యాకోచిస్తుంది. 900 మిల్లీమీటర్ల పొడవులో నలభై డిగ్రీల తేడాకు గాజు మిల్లీమీటరులో మూడో వంతు పెరిగితే, సీసం ఒక మిల్లీమీటరు పెరగాలని చూస్తుంది. శీతాకాలపు తెల్లవారుజాముకూ, మే నెల సాయంత్రపు ఎండకూ మధ్య ఈ పడమటి గోడ మీద అంత తేడా వస్తుంది. నూనె లప్పం ఏళ్ళ తరబడి కాస్త మెత్తదనం నిలుపుకుని ఆ కదలికను భరిస్తుంది. రెండు వారాలు పలకను అడ్డంగానే కదపకుండా ఉంచాను. ఇప్పుడు తడితే ఒకే పలకలా మోగుతుంది.

ఏప్రిల్. బిగింపు

చట్రం సరిచేసిన వడ్రంగి మేస్త్రి సిలికాన్ ట్యూబుతో వచ్చారు. "ఐదు నిమిషాల్ల అయిపోతది సార్, నీళ్ళు కూడా రావు" అన్నారు. దుకాణాల్లో మామూలుగా దొరికే సిలికాన్ ఆరేటప్పుడు పుల్లని వాసన వేస్తుంది. అది ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లోని ఆమ్లమే. పూర్వం సీసాన్ని వెనిగర్ ఆవిరిలో ఉంచే తెల్ల సీసం పొడిని తయారుచేసేవారు. ఆ ఆమ్లం పక్కన సీసపు పలకను పెట్టడం సరికాదని వివరిస్తే ఆయన అర్థం చేసుకుని, లప్పం పరిచి, పలక అంచును పట్టి ఉంచే సన్నని టేకు బద్దలను (బీడింగులను) మరలతో బిగించారు. మరలైతే రేపు ఎవరైనా పలకను విరగకుండా తీయగలరు.

లోపలి వైపు అడ్డంగా 8 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ ఒకటి, తంగేడు కొమ్మ వెనుక వీలైనంత కలిసిపోయేలా చట్రంలో దించాము. పలక కీళ్ళకు ముందే టంకం పెట్టి ఉంచిన రాగి తీగలను దాని చుట్టూ మెలివేశాను. గాలి ఒత్తిడిని ఇక ఆ కడ్డీ పంచుకుంటుంది.

సాయంత్రం నాలుగు దాటాక ఎండ వరండాలోకి దిగినప్పుడు చూస్తే, ముదురు నీలం పట్టెలు విడివిడిగానే నిలిచాయి. మెడ దగ్గరి ఆ తప్పనిసరి గీతను అత్తయ్య గాలి అనుకుంది. తంగేడు పసుపు మాత్రం నేననుకున్న దాని కన్నా ఒక పాలు ఎక్కువగా వెలుగుతోంది; తరువాతి పలకలో దాని పక్క ఆకులను ఒక మెట్టు ముదురుగా తీసుకుంటాను. కోత గీతల పటాన్ని, ప్రతి రంగులోనూ మిగిలిన అరచేయంత గాజును, పట్టీ కొలతలు రాసిన చీటీని కలిపి చుట్టి, వెంటిలేటర్ ఉన్న గదిలోనే అటక మీద పెట్టాను. ఏ ముక్క పగిలినా దాని అంకె, ఆకారం, రంగు అక్కడ ఉంటాయి.